బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కంటే ముందు మేస్త్రీ

లారీ గానీ డీసీఎం గానీ ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లలకు అఆలు రాకముందే రెండు మాటలు వచ్చేస్తాయి. ఒకటి ‘ఫైనాన్స్’, రెండోది ‘ఎఫ్‌సి’. మొదటిది నెలనెలా వచ్చి పలకరిస్తుంది. రెండోది ఏడాదికో రెండేళ్లకో ఒకసారే వస్తుంది గానీ, వచ్చే ముందు పది రోజులు ఇంట్లో పెద్దవాళ్లకు సరిగ్గా నిద్ర ఉండదు.

మాది తాండూరు. మా చిన్నాయనకు బండలు తోలే డీసీఎం ఉంది. నేను చదివేది మెకానికల్. క్లాసులో బ్రేకుల మీద లెక్కలు చేసేటప్పుడు నాకు మా ఊరి మేస్త్రీ షెడ్డు గుర్తొస్తుంది. షెడ్డులో కూర్చుంటే క్లాసులో చెప్పిన సూత్రాలు గుర్తొస్తాయి. ఆ రెండింటినీ కలిపి, ఎఫ్‌సి అంటే ఏమిటి, ఎవరు ఇస్తారు, ఏం చూసి ఇస్తారు, ఏం చూడకుండా ఇస్తారు అన్నది మన పత్రిక పాఠకులకు చెబుదామనిపించింది. సొంత లారీ లేనివాళ్లు కూడా చదవండి. మీరు రోజూ ఎక్కే కాలేజీ బస్సుకు కూడా ఈ కాయితమే ఆధారం.

కాయితం వెనక చట్టం

ఎఫ్‌సి అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. ‘యోగ్యతా పత్రం’ అని రాసుకోవచ్చు గానీ మా ఊళ్లో ఆ మాట ఎవరూ వాడరు. 1988 మోటారు వాహనాల చట్టంలో 56వ సెక్షన్ దీని గురించే. అందులోని విషయం టూకీగా ఇది: రవాణా వాహనానికి, అంటే కిరాయికి మనుషుల్నో సరుకునో తోలే బండికి, చెల్లుబాటయ్యే ఎఫ్‌సి లేకపోతే దానికి అసలు రిజిస్ట్రేషనే లేనట్టు లెక్క. ఆర్సీ బీరువాలో భద్రంగా ఉన్నా సరే, ఎఫ్‌సి గడువు దాటిన రోజు నుంచి చట్టం దృష్టిలో అది పేరులేని బండి. అలాంటి బండి రోడ్డెక్కితే 192వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా. రెండోసారి దొరికితే 10,000 దాకా జరిమానా గానీ, ఏడాది దాకా జైలు గానీ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొట్టమొదట అడిగే కాయితాల్లో కూడా ఇదొకటి.

ఎన్నాళ్లకోసారి చేయించాలన్నది 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 62వ నిబంధన చెబుతుంది. కొత్త రవాణా వాహనానికి మొదట రెండేళ్లు. ఆ తర్వాత బండికి ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఎనిమిదేళ్లు దాటాక ఏటేటా. 2018కి ముందు మొదటి రెండేళ్లు గడిస్తే చాలు, ప్రతి ఏడాదీ తిప్పలే ఉండేవి. గడువు దాటితే రోజుకు 50 రూపాయల అదనపు రుసుం కూడా కేంద్ర నిబంధనల్లో ఉంది. నెల రోజులు షెడ్డులో పడి ఉన్న బండికి, సంపాదన లేకపోయినా, ఆ మీటరు తిరుగుతూనే ఉంటుంది.

స్కూలు, కాలేజీ బస్సులకు మన దగ్గర ఇంకో లెక్క ఉంది. వాటి ఫిట్‌నెస్ మే 15తో ముగుస్తుంది. సెలవుల్లోనే మరమ్మతులు చేయించి, జూన్‌లో బడులు తెరిచేలోపు మళ్లీ పరీక్ష చేయించాలని ఉద్దేశం. అందుకే మే నెలాఖరు నుంచి రవాణా శాఖ ఆఫీసుల దగ్గర పసుపు పచ్చ బస్సులు బారులు తీరి కనిపిస్తాయి.

ఆఫీసు దగ్గర జరిగేది

2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుంచి వేరుపడి వికారాబాద్ జిల్లా ఏర్పడింది. మా బండ్ల నంబర్లు టీఎస్ 34 అయ్యాయి. 2024 మార్చి తర్వాత రిజిస్టరైనవి టీజీ 34. మా చిన్నాయన బండికి స్లాట్ దొరికింది వికారాబాద్‌లో. తాండూరు నుంచి సుమారు 40 కిలోమీటర్లు.

ముందు ఆన్‌లైన్‌లో రుసుం కట్టి స్లాట్ తీసుకోవాలి. బండి రకాన్ని, వయసును బట్టి రుసుం మారుతుంది. వెంట ఆర్సీ, పాత ఎఫ్‌సి, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, పర్మిట్, పన్ను కట్టిన రుజువు ఉండాలి. వీటిలో ఒక్కటి గడువు దాటినా మిగతావన్నీ దానికోసం ఆగిపోతాయి. చిన్నాయన వీటన్నిటినీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీటు కింద దాచుకుంటాడు. ఇంట్లో భూమి కాయితాలకు కూడా అంత మర్యాద లేదు.

పరీక్ష చేసే అధికారి అసలు హోదా మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్. జనం మాత్రం ఎప్పటి నుంచో ‘బ్రేక్ ఇన్‌స్పెక్టర్’ అంటారు. ఆ పేరు పెట్టిందెవరో గానీ, అసలు సంగతి పట్టుకున్నారు. బండి నడవడం ఎట్లాగూ ఓనరు చూసుకుంటాడు, నడవకపోతే కిరాయి రాదు కాబట్టి. ఆగుతుందా లేదా అన్నదే ఇంకొకరు చూడాల్సింది.

ముందుగా ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్సీతో సరిపోయాయా చూస్తారు. ఛాసిస్ మీద కాయితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయడం మన చిన్నప్పటి రూపాయి బిళ్ల ఆటలాగే ఉంటుంది. తర్వాత హెడ్‌లైట్లు, డిప్పర్, ఇండికేటర్లు, బ్రేక్ లైటు, హారన్, వైపర్, అద్దాలు. తర్వాత టైర్లు. టైరు గాడి లోతు రెండు, మూడు చక్రాల బండ్లకు 0.8 మిల్లీమీటర్లు, మిగతా వాటికి 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. గాడి అడుగున అక్కడక్కడా చిన్న గట్టులాంటివి ఉంటాయి. టైరు అరిగి అరిగి ఆ గట్టుతో సమానమైందంటే దాని పని అయిపోయినట్టే.

రాత్రిపూట వెలిగే స్టిక్కర్లకూ లెక్క ఉంది: ముందు తెలుపు, పక్కన పసుపు, వెనక ఎరుపు. అలంకారం కోసం కాదు. చీకట్లో ఎదుటివాడు ఆ రంగును చూసే, బండి ఎదురొస్తోందా, అడ్డంగా ఉందా, వీపు చూపిస్తోందా అని తేల్చుకుంటాడు. లారీ వెనక కింద అడ్డంగా ఉండే ఇనుప కడ్డీ కూడా అంతే. వెనక నుంచి గుద్దిన కారు లారీ కిందికి దూరిపోకుండా ఆపేది అదే. ఇక స్పీడ్ గవర్నర్: రవాణా వాహనాల్లో ఎక్కువ వాటికి గంటకు 80 కిలోమీటర్లు, స్కూలు బస్సులకు, టిప్పర్లకు, ట్యాంకర్లకు 60.

డీజిల్ పొగకూ కొలత ఉంది. ఆక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కించి, పొగ ఎంత వెలుతురును అడ్డుకుంటోందో చూస్తారు. బీఎస్ ఫోర్ కంటే ముందు బండ్లకు ఆ అంకె మీటరుకు 2.45 దాటకూడదు, బీఎస్ ఫోర్ బండ్లకు 1.62 దాటకూడదు. అన్నీ సరిపోతే ఫారం 38లో సర్టిఫికెట్ వస్తుంది.

షెడ్డులో జరిగేది

ఆఫీసులో పరీక్షకు పట్టే సమయం నిమిషాల్లో ఉంటుంది. దానికి ముందు షెడ్డులో రెండు మూడు రోజులు పడుతుంది. అసలు పరీక్ష ఇదే అని నా అభిప్రాయం.

మా మేస్త్రీ ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని ఊపుతాడు. ‘టక్‌టక్’మంటే బేరింగో కింగ్ పిన్నో అరిగిందని అర్థం. కుడీ ఎడమా పట్టుకుని ఊపితే టై రాడ్ సంగతి తెలుస్తుంది. తర్వాత డ్రమ్ములు ఊడదీసి లైనర్లు చూస్తాడు. లైనరు రివిట్ల దాకా అరిగితే, ఆ రివిట్లు డ్రమ్మును గీరి గాళ్లు పెడతాయి. లైనరు ఖర్చు కాస్తా డ్రమ్ము ఖర్చవుతుంది. ఆ తర్వాత కమాన్ పట్టాలు. మా దారుల్లో ఒకటి రెండు పట్టాలు విరిగి ఉండటం మామూలే. విరిగిన పట్టా బండిని ఒక పక్కకు వంచుతుంది. బ్రేకు వేస్తే బండి అటే లాగుతుంది. చివరికి బ్రేకు పైపుల వెంట వేలు పెట్టి రాసుకుంటూ పోతాడు. వేలికి తడి తగిలితే అక్కడ ఆగుతాడు.

ఆ ఏడు వెనక టైర్లు రెండు బాగా అరిగి ఉన్నాయి. చిన్నాయన చేతిలో డబ్బులు లేవు. తెలిసినవాళ్ల దగ్గర ఒక్కరోజుకు టైర్లు అడిగి తెచ్చి, ఎఫ్‌సి అయ్యాక తిరిగి ఇచ్చేద్దామని ఆలోచన. ఇలాంటివి ఈ రంగంలో కొత్త కాదు. టైర్లే కాదు, మంటలార్పే సిలిండర్, ఫస్ట్ ఎయిడ్ డబ్బా కూడా ఒక బండి నుంచి ఇంకో బండికి చుట్టపు చూపుగా వెళ్లొస్తుంటాయని షెడ్డులో నవ్వుకుంటారు.

“కాయితం అయితె అయిపాయె గద మేస్త్రీ, నెల దాటినంక నేనే కొత్తయి ఏయిస్త” అన్నాడు చిన్నాయన.

మేస్త్రీ తల కూడా ఎత్తలేదు. “సారు ముంగట బండి ఆగుడు పెద్ద ముచ్చట గాదు పటేలా. అనంతగిరి దిగేటప్పుడు ఆగాలె. ఆ టైర్లు గుట్ట మీదికి రావు గద నీ ఎంబడి” అన్నాడు.

చిన్నాయన మాట్లాడలేదు. సాయంత్రానికి టైర్ల షాపులో అప్పు మాట్లాడుకుని వచ్చాడు. ఆ అప్పు తీరడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఇంట్లో ఎవరూ కొత్త ఖర్చు మాటెత్తలేదు. చిన్న బండి ఓనరుకు భద్రత అనేది నీతి బోధ కాదు, నెల బడ్జెట్‌లో ఒక పద్దు. ఆ సంగతి మరచి, ఏసీ గదిలో కూర్చుని ‘ఓనర్లకు బాధ్యత లేదు’ అని రాసేయడం తేలిక.

గుట్ట దిగేటప్పటి లెక్క

మేస్త్రీ మాటను మన క్లాసు లెక్కలోకి మార్చి చూద్దాం.

నిబంధనల ప్రకారం గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి బ్రేకు వేశాక 13 మీటర్లలో ఆగాలి. 30 కిలోమీటర్లంటే సెకనుకు 8.33 మీటర్లు. వేగం వర్గాన్ని దూరానికి రెట్టింపుతో భాగిస్తే, బ్రేకు ఇవ్వాల్సిన రుణత్వరణం సుమారు 2.67 వస్తుంది, అంటే గురుత్వ త్వరణంలో పావు వంతు కంటే కాస్త ఎక్కువ. ఇది పాసు మార్కు మాత్రమే. అదే బండి, అదే బ్రేకు, వేగం 60 అయితే? దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు: 52 మీటర్లు. డ్రైవరు చూసి కాలు బ్రేకు మీదికి తెచ్చేలోపు ఒక సెకను పోతే ఇంకో 17 మీటర్లు. మొత్తం 70 మీటర్లకు దగ్గర, మూడున్నర క్రికెట్ పిచ్‌లంత. ఊళ్ల మధ్యగా పోయే రోడ్డు మీద అంత ఖాళీ మనకు ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు గుట్ట సంగతి. 16 టన్నుల లారీ నూరు మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందనుకోండి. అది పోగొట్టుకోవాల్సిన శక్తి దాదాపు 157 లక్షల జౌళ్లు. నలభై ఐదు లీటర్లకు పైగా చన్నీళ్లను మరిగే దాకా కాచగలిగేంత వేడి అది. డ్రైవరు న్యూట్రల్ చేసి బ్రేకు మీద కాలు ఆనించి దిగితే, ఆ వేడిలో ఎక్కువ భాగం ఆ కాసిని డ్రమ్ముల్లోకే పోవాలి. డ్రమ్ము కాలి వ్యాకోచిస్తుంది, లైనరు పట్టు తప్పుతుంది. పెడల్ నొక్కినంతా లోపలికి పోతుంది గానీ బండి ఆగదు. పుస్తకంలో దీన్ని బ్రేక్ ఫేడ్ అంటారు. షెడ్డులో ‘బ్రేకులు కాలిపోయినయ్’ అంటారు. అందుకే ‘ఏ గేర్లో గుట్ట ఎక్కినవో ఆ గేర్లనే దిగు’ అనే పాత డ్రైవర్ల మాట. అలా దిగితే ఆ పనిలో కొంత ఇంజిన్ తీసుకుంటుంది.

ఆఫీసు ఆవరణలో సమతలంగా ఉన్న నేల మీద, చల్లగా ఉన్న డ్రమ్ములతో, ఖాళీ బండితో చూసిన బ్రేకుకూ, గుట్ట మీద బరువుతో దిగుతున్న బ్రేకుకూ మధ్య ఇంత దూరం ఉంది. ఇన్‌స్పెక్టర్ ఎంత నిజాయితీగా చూసినా ఆ దూరం పూర్తిగా పూడదు.

కాయితం చూడని బరువు

మా ఊరి బతుకు బరువుల మీదే నడుస్తుంది. తాండూరు బండలు, సిమెంటు ఫ్యాక్టరీలు, కంకర, సీజన్లో కందులు. మా కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అన్నీ రోడ్డు మీదే పోవాలి.

ఒక చిన్న లెక్క. అంగుళం మందం ఉన్న నాపరాయి చదరపు అడుగుకు సుమారు 6 కిలోలు తూగుతుంది. పది అడుగులకు పన్నెండు అడుగుల గది పరచాలంటే 120 చదరపు అడుగులు, అంటే 720 కిలోలు పైన. ముప్పావు టన్ను మోసే చిన్న ట్రాలీకి అది నిండు లోడు. అంటే న్యాయంగా ఒక ట్రిప్పుకు ఒక గది. ఇల్లు కట్టుకునేవాడు ఏమంటాడు? ‘రెండు రూములది ఒక్కసారే ఎయ్యన్నా, రెండు కిరాయిలు యాడియ్యాలె’ అంటాడు. డ్రైవరు వేస్తాడు. వేయకపోతే పక్కవాడు వేస్తాడు. ఆ బండికి ఎఫ్‌సి ఉంటుంది, లైనర్లు కొత్తవే ఉంటాయి, టైర్లు బాగుంటాయి. బ్రేకు బలం మాత్రం పెరగదు, ఆపాల్సిన బరువు ఒకటిన్నర రెట్లు అవుతుంది.

చట్టంలో దీనికి గట్టి శిక్షే ఉంది. ఓవర్‌లోడ్‌కు 20,000 రూపాయలు, దానిపైన ఎక్కువైన ప్రతి టన్నుకు ఇంకో 2,000. అయినా లోడు ఆగదు. ఎందుకంటే ఆ బరువు వేయమన్నవాడి పేరు ఏ కాయితంలోనూ ఉండదు.

2025 నవంబరు 3 పొద్దున తాండూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల దగ్గర మీర్జాగూడ వద్ద కంకర టిప్పర్ ఢీకొట్టింది. కంకర బస్సులోకి పడింది. పంతొమ్మిది మంది పోయారు. సోమవారం పొద్దున ఆ బస్సుల్లో ఎవరుంటారో మాకు తెలుసు: ఆదివారం ఇంటికొచ్చి కాలేజీకి తిరిగి వెళ్లే పిల్లలు, ఉద్యోగాలకు పోయేవాళ్లు. మాలో చాలామంది అదే దారిన, అదే వేళకు ప్రయాణం చేసినవాళ్లం. ఆ ప్రమాదానికి కారణాలేమిటో తేల్చాల్సినవాళ్లు వేరే ఉన్నారు, నేను ఇక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. నాకు అర్థమైంది ఒక్కటే: బండి మంచిదా అన్న ప్రశ్న దగ్గరే మనం ఆగిపోతే సరిపోదు. ఎంత వేశారు, మీద పట్టా కప్పారా, రోడ్డు ఎంత వెడల్పుంది, డ్రైవరు నిద్రపోయి ఎన్ని గంటలైంది అన్న ప్రశ్నలకు ఫారం 38లో గళ్లు లేవు.

ఎఫ్‌సి అంటే ఒక్కరోజు తీసిన ఫొటో. ఆ రోజు బండి బాగుందని చెబుతుంది. తర్వాతి ఏడాది పొడవునా ఎలా ఉంటుందన్నది ఓనరూ మేస్త్రీ డ్రైవరూ కలిసి నిలబెట్టాల్సిన మాట.

మేస్త్రీకే సంతకం ఇస్తే?

అంత బాగా చూసేది మేస్త్రీ అయినప్పుడు, సర్టిఫికెట్ కూడా ఆయన్నే ఇమ్మనొచ్చు కదా అనిపిస్తుంది. చాలా దేశాల్లో అలాగే ఉంది. బ్రిటన్‌లో 1960 నుంచి ఎంఓటీ అనే పరీక్ష ఉంది. కారుకు మూడేళ్లు దాటితే ఏటా చేయించాలి, అనుమతి ఉన్న మామూలు గ్యారేజీలే చేస్తాయి. అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి. న్యూయార్క్‌లో లైసెన్సున్న గ్యారేజీకి ఏటా కారు తీసుకెళ్లాలి, పాసైతే ముందు అద్దానికి స్టిక్కర్ అంటిస్తారు. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో మాత్రం 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకు భద్రతా పరీక్ష ఎత్తేశారు. కొన్ని కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం మిగిలింది. అంటే ఈ పరీక్ష వల్ల లాభమెంత, ఖర్చెంత అన్న వాదన అక్కడా తెగలేదు.

మన దగ్గర సంగతి ఇంకా చిత్రం. 1988 చట్టంలోనే ఈ వెసులుబాటు రాసి ఉంది. నడిపేవాళ్ల అనుభవం, శిక్షణ, పనిముట్లు చూసి, సర్వీస్ స్టేషన్‌నో గ్యారేజీనో ‘అధీకృత పరీక్షా కేంద్రం’గా రాష్ట్ర ప్రభుత్వం గుర్తించవచ్చని అప్పటి 56వ సెక్షన్ అనేది. 2019లో చట్టం సవరించారు. 2021 సెప్టెంబరులో ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లకు నిబంధనలు వచ్చాయి. వాటిలో చక్రాలను రోలర్ల మీద తిప్పి బ్రేకు బలాన్ని యంత్రమే కొలుస్తుంది. చక్రం పక్కకు ఎంత జారుతోంది, కీళ్లలో ఎంత కదలిక ఉంది, హెడ్‌లైటు ఎటు చూస్తోంది అన్నవీ అంకెల్లోనే వస్తాయి. భారీ వాహనాలకు వీటిని తప్పనిసరి చేసే తేదీని మొదట 2023 ఏప్రిల్ 1 అన్నారు, తర్వాత 2024 అక్టోబరు 1కి జరిపారు. మన రాష్ట్రంలోనూ వీటి ఏర్పాటుకు ప్రభుత్వం పూనుకుంది.

ఈ కొత్త నిబంధనల్లో నాకు నచ్చిన షరతు ఒకటుంది. స్టేషన్ నడిపేవాళ్లు బండ్ల మరమ్మతు గానీ, విడిభాగాల అమ్మకం గానీ చేయకూడదు. పరీక్ష ఒకరిది, రిపేరు ఇంకొకరిది. రెండూ ఒకరి చేతిలోనే ఉంటే ‘లైనర్లు పోయినయ్’ అన్న మాట నిజమా, బేరమా అన్న అనుమానం వస్తుంది. పాత చట్టం గ్యారేజీకి సంతకం ఇవ్వొచ్చని అంటే, కొత్త నిబంధన గ్యారేజీ అయితే సంతకం వద్దంటోంది. అందుకే మా మేస్త్రీకి సంతకం పెట్టే అధికారం రావాలని నేను కోరుకోను. ఆయన మాటకు విలువ ఉన్నదే ఆ సంతకం ఆయనది కాకపోవడం వల్ల. ఆయన ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వడు, ‘ఈ బండి ఇట్ల పోవద్దు’ అని మాత్రం చెబుతాడు.

యంత్రాలు వస్తే అంకెలు పక్కాగా ఉంటాయి, ముఖం చూసి పాస్ చేయడం తగ్గుతుంది. మంచిదే. కానీ రోలర్ మీద పాసైన టైర్లు కూడా మర్నాడు ఎవరిదో ఇంటికి వెళ్లిపోవచ్చు. ఆ దొంగతనాన్ని పట్టే సెన్సర్ ఏదీ లేదు.

మన బైకుల మాటేమిటి?

ఇప్పటిదాకా చెప్పిందంతా కిరాయి బండ్ల గురించి. మరి మన బైకులు? సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. అది అయ్యాక ఐదేళ్లకోసారి పరీక్ష చేయించి పొడిగించుకోవాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. అంటే కొత్త బైకును మొదటి పదిహేనేళ్లలో ప్రభుత్వం తరఫున ఎవరూ వచ్చి బ్రేకు నొక్కి చూడరు. మధ్యలో అడిగేది పొల్యూషన్ కాయితం ఒక్కటే. అది పొగ సంగతి చెబుతుంది గానీ బ్రేకు సంగతి చెప్పదు. మన హాస్టల్ పార్కింగ్‌లో ఉన్న బండ్లలో చాలా వరకు అన్న దగ్గర నుంచి తమ్ముడికి, సీనియర్ దగ్గర నుంచి జూనియర్‌కు చేతులు మారినవే. లారీకి ఉన్నపాటి పరీక్ష కూడా వాటికి లేదు.

కాబట్టి మనకు మనమే బ్రేక్ ఇన్‌స్పెక్టర్లం. నెలకోసారి పది నిమిషాలు చాలు:

బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, ముందు చక్రాన్ని నేల వదిలేలా ఎవరినైనా పట్టుకోమని, ఫోర్కును ముందుకూ వెనక్కూ ఊపండి. ‘టక్’మంటే కోన్‌సెట్ చూపించాలి. ఫోర్కు రాడ్ల మీద ఆయిల్ తడి ఉంటే సీల్ పోయినట్టు. డ్రమ్ము బ్రేకు అయితే, బ్రేకు నొక్కినప్పుడు డ్రమ్ము పక్కనున్న బాణం గుర్తు గీత దాటితే షూలు మార్చాలి. డిస్క్ అయితే ప్యాడ్ మందం, డబ్బాలో ఆయిల్ మట్టం చూడండి. చెయిన్ మధ్యలో వేలితో కదిపితే రెండు మూడు సెంటీమీటర్లకు మించి ఊగకూడదు. కచ్చితమైన కొలత మీ బండి పుస్తకంలో ఉంటుంది. టైరు గాడిలోని గట్టు చూడటం ఇందాకే చెప్పాను. చివరగా, బ్రేకు నొక్కి వెనక లైటు వెలుగుతోందో లేదో స్నేహితుడిని చూడమనండి. ఒక్కరే ఉంటే రాత్రిపూట గోడకు వీపు పెట్టి నిలిపితే గోడ మీదే కనిపిస్తుంది.

ఊళ్లో ట్రాక్టర్ ఉన్నవాళ్లు ఇంకొక్క పని చేయండి. కందుల సీజన్లో చీకటి పడ్డాక మార్కెట్ నుంచి తిరిగొచ్చే ట్రాలీలకు చాలాసార్లు వెనక లైటు ఉండదు. వెనక బైకు మీద వచ్చేవాడికి అది దగ్గరికి వచ్చేదాకా నల్లటి గోడ. ఒక ఎర్ర రిఫ్లెక్టర్ పట్టీ కొని మీ చేత్తో అంటించండి. దానికి స్లాట్ బుక్ చేసుకోనక్కర్లేదు.

కాలేజీ బస్సు ఎక్కేవాళ్లకు కూడా అడిగే హక్కుంది. చాలా బస్సుల మీద ఎఫ్‌సి తేదీ పెయింటుతో రాసే ఉంటుంది. లేకపోతే రవాణా శాఖ వెబ్‌సైట్‌లో బండి వివరాలు చూసుకోవచ్చు. తేదీ చూశాక లోపలికెక్కి, అత్యవసర ద్వారం తెరుచుకుంటుందా, దానికి అడ్డంగా సీటు గానీ బ్యాగులు గానీ ఉన్నాయా, మంటలార్పే సిలిండర్ ఉండాల్సిన చోట ఉందా అని చూడండి. లేకపోతే డ్రైవరన్నను నిలదీయొద్దు, అది ఆయన చేతిలో లేని పని. రవాణా ఇన్‌చార్జికి నలుగురు సంతకాలు పెట్టి రాసివ్వండి. తెలుగులో రాస్తే మన క్లబ్బుకూ ఒక పని దొరుకుతుంది.